రుచీ, ధరా: విస్కీ అభిరుచిపై ఒక పరిశీలన

1

పుర్రెకో బుద్ధి, జిహ్వకో రుచి అన్నారు పెద్దలు. రుచిని గురించి వాదులాడి ప్రయోజనం లేదని చెప్పటానికి మనం ఈ సామెతను వాడుతూ వుంటాం. ఒకరికి వంకాయ ఇష్టం, మరొకరికి బెండకాయ ఇష్టం; ఇందులో తర్కానికి తావేమున్నది? కాని వంకాయ దగ్గర సరిపోయిన ఈ మాట విస్కీ దగ్గర సరిపోదు. ఏ సంతలోనూ ఒక వంకాయ ఖరీదుకూ మరొక వంకాయ ఖరీదుకూ వేలరెట్ల తేడా వుండదు. విస్కీలో వుంటుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2024 అక్టోబరులో వచ్చిన కొత్త మద్యం విధానం కింద 180 మిల్లీలీటర్ల క్వార్టరు సీసాను 99 రూపాయలకు అందుబాటులోకి తెచ్చారు. అంతకు ఏడాది ముందు, 2023 నవంబరులో, లండనులో సోదబీ సంస్థ వేసిన వేలంలో 1926 నాటి మెకాలన్ విస్కీ ఒక్క సీసా సుమారు 22 లక్షల పౌన్లు పలికింది. మన లెక్కలో అది 22 కోట్ల రూపాయలు దాటుతుంది.

ఈ రెండు సీసాల నడుమ ఎక్కడో ఒకచోట నిలబడి, "నాకిది నచ్చుతుంది, అది నచ్చదు" అని చెప్పే మనిషి దేన్ని గురించి మాట్లాడుతున్నాడు? తన నాలుకను గురించా, తన జేబును గురించా, లేక తాను చేరగోరుతున్న వర్గాన్ని గురించా? ఈ ప్రశ్నకు సమాధానం వెతకటమే ఈ వ్యాసం ఉద్దేశం.

సాహిత్య విమర్శకు ఉద్దేశించిన పత్రికలో విస్కీ ప్రసక్తి ఏమిటని కొందరు మిత్రులు కోపగించవచ్చు. వారికి నా మనవి ఒకటే. రసమనే మాటను మన ఆలంకారికులు నాలుక దగ్గరనుంచే తెచ్చుకున్నారు. నానా వ్యంజనాలు కలిసి భోక్తకు ఆస్వాదం కలిగించే తీరును చూపించి, నాట్యరసం ఎట్లా పుడుతుందో భరతుడు వివరించాడు. మనం ఇవాళ వాడే 'అభిరుచి' అనే మాటలోనూ రుచే వున్నది. అదీగాక, విస్కీని గురించి నేడు ప్రపంచంలో పుంఖానుపుంఖంగా విమర్శ వెలువడుతున్నది. ఒక్కొక్క సీసాకు నూటికిన్ని మార్కులని వేసి, వాసనను, మొదటి రుచిని, చివర మిగిలే రుచిని విడివిడిగా వర్ణించే రచన ఒక ప్రక్రియగా స్థిరపడింది. విమర్శ అన్న పేరుతో సాగే ఏ పనినైనా పరీక్షించే బాధ్యత విమర్శకులది కాకపోతే మరెవరిది?

2

విస్కీ కథకు సరైన రంగస్థలం స్కాట్‌లండు. అందులోనూ నైరుతి దిక్కున వున్న కిల్మార్నాక్ అనే చిన్న పట్టణం మన దృష్టికి యోగ్యమైనది. రైతు కవి రాబర్ట్ బర్న్స్ మొదటి కవితా సంపుటి 1786లో అచ్చయింది ఆ పట్టణంలోనే. ఆ సంపుటిలో బార్లీ గింజ నుంచి తీసిన స్వదేశీ సారాయిని కీర్తించిన కావ్యం ఒకటున్నది. విదేశాలనుంచి దిగుమతి అయ్యే బ్రాందీని ఎగతాళిచేసి, పేద రైతు కుండలోని పానీయాన్ని ఆకాశానికెత్తాడు బర్న్స్. ఆ రోజుల్లో విస్కీ అంటే పంట మిగులులో నుంచి, పొలం పక్కనే, చిన్న రాగిబట్టీలో దించుకున్న సారా. అందులో చవక రకమనీ ఖరీదు రకమనీ లేదు. మంచిదీ చెడ్డదీ మాత్రమే వున్నవి. ఆ భేదాన్ని తేల్చేది తాగినవాడి నాలుక. సుంకం వసూలు చేసే సర్కారుకూ దొంగబట్టీ పెట్టుకున్న రైతుకూ మధ్య నిత్యం పోరు. ఆ రైతు పక్షాన పాడిన కవే, బతుకు గడవక, 1789లో సుంకం శాఖలో చేరవలసివచ్చింది. ఈ వైరుధ్యాన్ని చూచి నవ్వటం సులభం. కాని ఉద్యోగం కోసం తన పాటకు ఎదురునిలవవలసివచ్చిన కవులు ఒక్క స్కాట్‌లండులోనే పుట్టలేదు.

1820లో అదే కిల్మార్నాక్‌లో జాన్ వాకర్ అనే యువకుడు కిరాణా దుకాణం పెట్టాడు. కొన్నాళ్ళకు పక్కవీధి వాడికి తెలిసిన ఆ దుకాణదారు పేరు, కొడుకుల, మనుమల కాలానికి ప్రపంచమంతా తెలిసిన సరుకు పేరయింది. ఈ మార్పుకు వెనక ఒక యంత్రమున్నది. 1830లో ఈనియస్ కాఫీ అనే ఐర్లండు దేశస్థుడు నిరంతరంగా పనిచేసే బట్టీకి పేటెంటు పొందాడు. రాగి కుండబట్టీలో ఒక్కొక్క దఫాగా దిగే సారా ఈ కొత్త బట్టీలో ఏరులా దిగసాగింది. మొలకెత్తించిన బార్లీయే కానక్కరలేదు, ఏ ధాన్యమైనా పనికివస్తుంది. చవకగా దిగిన ఈ తేలిక సారాను కుండబట్టీ మాల్టుతో కలిపితే ఎప్పుడూ ఒకే రుచిగల మిశ్రమం తయారవుతుంది. ఆ మిశ్రమమే సామ్రాజ్యం నాలుగు మూలలకూ ఓడలెక్కింది.

అప్పుడొక తగాదా వచ్చింది. ఈ యంత్రపు సారాను విస్కీ అనవచ్చునా? 1905లో లండనులోని ఇస్లింగ్‌టన్ స్థానిక ప్రభుత్వం, అనకూడదని దుకాణదారులమీద కేసు పెట్టింది. వివాదం ముదిరి, 1908లో రాజ కమిషన్ ఏర్పడింది. రెండు రకాల బట్టీల సారాయీ విస్కీయేనని 1909లో కమిషన్ తేల్చింది. పెద్ద పెట్టుబడి గెలిచింది. ఇక్కడ గమనించదగినది ఏమిటంటే, ఒక వస్తువు 'అసలు' స్వరూపం ఏమిటో నాలుకలు నిర్ణయించలేదు, న్యాయవాదులు నిర్ణయించారు. నేడు 'అసలైన' విస్కీని గురించి భక్తితో మాట్లాడేవారు ఆ అసలుతనం వెనక ఒక కోర్టు తగాదా వున్నదని గుర్తుంచుకోవటం మంచిది.

అదే 1909లో కిల్మార్నాక్ వాకర్ సంస్థ తన సీసాలకు ఎరుపు లేబుల్, నలుపు లేబుల్ అని పేర్లు పెట్టింది. తర్వాత తర్వాత వీటిపైన నీలమూ చేరింది. ఎరుపు అన్నిటికంటె అడుగున వుండటం కాకతాళీయమే కావచ్చు. కాని అప్పటినుంచి తాగేవాడికి రుచి తెలియనవసరం లేకపోయింది. రంగు తెలిస్తే చాలు. ఆ సంస్థ చేతులు మారి మహా వ్యాపారసంస్థలో భాగమైన తరువాత, కిల్మార్నాక్‌లోని సీసాలు నింపే కర్మాగారాన్ని మూసివేస్తామని 2009లో ప్రకటన వెలువడింది. సుమారు 700 మంది ఉద్యోగాల ప్రశ్న అది. పట్టణ ప్రజలు వేల సంఖ్యలో వీధుల్లోకి వచ్చారు. 2012లో కర్మాగారం మూతపడింది. సీసామీద టోపీ పెట్టుకొని చేతికర్రతో నడిచే దొర మాత్రం నేటికీ నడుస్తూనే వున్నాడు.

3

ఇక మన దేశానికి వద్దాం. చాలకాలం మన కంపెనీలు విస్కీ పేరుతో అమ్మినదానిలో అధికభాగం చెరకు మొలాసిస్‌నుంచి తీసిన స్పిరిటు. అందులో కొంత మాల్టు సారా, రంగూ కలుపుతారు. ధాన్యంనుంచి తీసిన స్పిరిటు వాడకం ఈమధ్య పెరిగినా మొలాసిస్ పూర్తిగా పోలేదు. ఐరోపా చట్టం ప్రకారం ధాన్యంనుంచి తీయనిదాన్ని విస్కీ అనటానికి వీల్లేదు గనుక ఇటువంటివి అక్కడ ఆ పేరుతో అమ్ముడుపోవు. వాటిని చూచి మొహం చిట్లించేవారు 1909 నాటి తీర్పును జ్ఞాపకం చేసుకుంటే కొంత నెమ్మదిస్తారు.

నాకు ఆసక్తి కలిగించేది ఈ సీసాల పేర్లు. సాహిత్య విద్యార్థిగా పేర్లను చదవటం నా వృత్తి. చవకరకం, మధ్యరకం సీసాల వరసను ఒకసారి చదవండి: ఆఫీసర్స్ ఛాయిస్, రాయల్ స్టాగ్, ఇంపీరియల్ బ్లూ, రాయల్ ఛాలెంజ్, డైరెక్టర్స్ స్పెషల్, ఎరిస్టోక్రాట్. రాజులు, సామ్రాజ్యాలు, అధికారులు, డైరెక్టర్లు, ప్రభువంశీకులు! తెల్లదొర పోయి 75 ఏళ్ళు దాటినా అతని బిరుదులన్నీ బెల్టుషాపు అలమరలో బారులుతీరి వున్నవి. పగలంతా ఆఫీసరు చేత తిట్లు తిన్న గుమాస్తా సాయంత్రం ఆఫీసరు ఎంచుకున్న సరుకును తాగుతాడు. మూటలు మోసిన మనిషి క్వార్టరు సీసాలో కాసేపు సామ్రాజ్యాన్ని కొనుక్కుంటాడు.

ఇప్పుడు ఖరీదైన సీసాల వరస చదవండి. గ్లెన్‌ఫిడిక్ అంటే గేలిక్ భాషలో జింకల లోయ. గ్లెన్‌లివెట్ అంటే లివెట్ ఏటి లోయ. లాగవూలిన్ అంటే మర వున్న పల్లపునేల. ఇక్కడ రాజులు లేరు, ఆఫీసర్లు లేరు. నేల వున్నది, ఏరు వున్నది, మర వున్నది. లేబుల్ తిప్పిచూస్తే రాగిబట్టీ, ఓకు పీపా, పీట్ మట్టి పొగ, చేతిపనివారి తరతరాల నేర్పు గురించి నాలుగు వాక్యాలుంటవి.

ఈ భేదం యాదృచ్ఛికం కాదని నా అభిప్రాయం. అధికారం లేనివాడికి అధికారాన్ని అమ్ముతున్నారు. అధికారమంతా వున్నవాడికి, అతని బతుకులో లేని మట్టినీ శ్రమనూ అమ్ముతున్నారు. పేదవాడి సీసామీద దొర బొమ్మ, దొర సీసామీద రైతు లోయ. ఇద్దరికీ అందుతున్నది తమ దగ్గర లేనిదాని నీడ. వర్గ సమాజంలో కోరికలు ఎట్లా ఎదురుబొదురుగా పుడతాయో చెప్పటానికి ఇంతకంటె సులభమైన పాఠ్యపుస్తకం నాకు కనిపించలేదు.

4

ఆ లోయల ముచ్చట ఎంత నిజమో కూడ చూడాలి. స్కాట్‌లండు ఉత్తరాన సదర్లండ్ సీమ వున్నది. అక్కడి ప్రభుకుటుంబం గొర్రెల మేతకోసం రైతులను ఊళ్ళకు ఊళ్ళే ఖాళీచేయించిన వైనాన్ని మార్క్స్ 'పెట్టుబడి' మొదటి సంపుటంలో వివరంగా రాశాడు. 1814 – 1820 మధ్య సుమారు 3,000 కుటుంబాలను, అంటే 15,000 మందిని, వారి నేలమీదనుంచి వెళ్ళగొట్టారనీ, 1825 నాటికి వారి స్థానాన్ని 1,31,000 గొర్రెలు ఆక్రమించాయనీ ఆయన లెక్క. వెళ్ళగొట్టబడినవారికి సముద్రతీరాన చాలీచాలని చెక్కలు విదిలించారు.

సరిగ్గా ఆ సంవత్సరాల్లోనే, 1819లో, అదే తీరాన బ్రోరా అనే వూళ్ళో ఆ కుటుంబ ప్రభువే ఒక విస్కీ బట్టీ కట్టించాడు. దాని పేరు క్లైనలీష్. కౌలుదార్లు పండించే బార్లీకి గిరాకీ కల్పించటం, దొంగబట్టీలను అరికట్టటం దాని ఉద్దేశాలని చెబుతారు. భూమి ఆయనదే, బార్లీ కొనేది ఆయనే, సారా అమ్ముకునేదీ ఆయనే. ఆ పాతబట్టీకి తరువాత బ్రోరా అని పేరు పెట్టారు. అది 1983లో మూతపడి, 2021లో మళ్ళీ తెరుచుకున్నది. మూతపడిన కాలంలోనే దాని సీసాలు అపురూప వస్తువులై, వేలంపాటల్లో ధర పెరుగుతూ పోయింది. బట్టీ పనిచేయకపోవటమే దాని విలువకు కారణమయింది! వాటిలోని పొగ వాసనను, సముద్రపుగాలిని రసికులు పరవశించి వర్ణించారు. ఆ వాసన అబద్ధమని నేననను. దానిని వర్ణించే వాక్యంలో 3,000 కుటుంబాలకు చోటు దొరకకపోవటం అబద్ధమంటాను. నేలను పొగిడి నేలమీది మనిషిని మరిచే వర్ణన మన ప్రబంధాల్లోనూ మనకు కొత్తకాదు.

5

ఇంతవరకు నేను చెప్పినదాన్ని పట్టుకొని ఒక తొందరపాటు నిర్ణయానికి రావచ్చు. "అయితే అంతా మోసమే. చవకదానికీ ఖరీదుదానికీ భేదం లేదు. రుచి అనేది డబ్బున్నవాళ్ళ బూటకం" అని. మన శిబిరంలో ఈ వాదం తరచు వినిపిస్తుంది. దీనికి బలమిచ్చే ఆధారాలూ లేకపోలేదు. 2008లో కాలిఫోర్నియాలో జరిగిన ఒక ప్రయోగంలో ఒకే ద్రాక్షసారాను ఒకసారి పది డాలర్లదని, మరొకసారి తొంభై డాలర్లదని చెప్పి ఇచ్చారు. ఎక్కువ ధర చెప్పినప్పుడు తాగినవారికి ఎక్కువ బాగున్నది. వారు మొహమాటానికి అట్లా చెప్పలేదు. సుఖానుభూతిని నమోదు చేసే మెదడు భాగం కూడ అప్పుడే ఎక్కువ చురుకుగా పనిచేసింది. అంటే ధర నాలుక వెలుపల ఆగిపోవటం లేదు, అనుభవంలోకే దిగుతున్నది. అభిరుచి వర్గస్థానానికి గుర్తుగా పనిచేస్తుందని ఫ్రెంచి సామాజిక శాస్త్రవేత్త బోర్ద్యూ 1979లో ఉద్గ్రంథమే రాశాడు.

ఈ వాదంలో సత్యమున్నది, పూర్ణసత్యం లేదు. స్కాట్‌లండు తత్త్వవేత్త డేవిడ్ హ్యూమ్ 1757లో అభిరుచికి ప్రమాణం ఏమిటనే విషయంమీద రాసిన వ్యాసంలో 'డాన్ క్విహోటీ' నవలలోని ఒక పిట్టకథను వాడుకున్నాడు. సాంకోపాంజా బంధువులిద్దరు ఒక పీపాలోని సారాను రుచి చూచారు. ఒకడు, బాగుందిగాని తోలు వాసన కొద్దిగా వున్నదన్నాడు. రెండోవాడు, బాగుందిగాని ఇనుము రుచి తగులుతున్నదన్నాడు. అందరూ పకపక నవ్వారు. పీపా ఖాళీ అయినాక అడుగున తోలుపట్టీ కట్టిన తాళంచెవి బయటపడింది. నవ్వినవారి నాలుకలకు అందని సత్యం ఇద్దరి నాలుకలకు సగం సగం అందింది. ఆ తాళంచెవి అక్కడ వుండటం వర్గ బూటకం కాదు, వాస్తవం. భౌతికవాదులమని చెప్పుకునే మనం అడుగునవున్న తాళంచెవిని నిరాకరించటం వింత.

నా స్వానుభవం ఒకటి చెబుతాను. సహాధ్యాపక మిత్రులొకరి బావగారు అమెరికానుంచి వస్తూ ఖరీదైన సింగిల్ మాల్టు సీసా తెచ్చారు. దాని పక్కన ఒక మధ్యరకం స్కాచ్ మిశ్రమాన్నీ, ఒక చవక దేశీరకాన్నీ పెట్టి, మూడు స్టీలు గ్లాసుల అడుగున అంకెలు వేసి, ఎవరేది పోశారో తెలియకుండా ముగ్గురం రెండేసి చెంచాలు రుచి చూచాం. చవకదాన్ని ముగ్గురం వెంటనే పట్టేశాం. గొంతులో గరగర, పైన అంటించినట్టున్న తీపి, వెనక ఏమీ లేకపోవటం. కాని మిగిలిన రెండింటి దగ్గర ముగ్గురమూ తబ్బిబ్బయాం. నేనూ మరొకరూ మధ్యరకాన్నే మాల్టు అనుకున్నాం. అంకెలు తిప్పి చూచిన మరుక్షణం ఆ మిత్రుడు, "మొదటినుంచీ నాకు అనుమానంగానే వున్నదండీ, ఇందులో లోతు ఎక్కువ" అన్నాడు. ఆ లోతు అంకె తిప్పకముందు ఎక్కడ వున్నదో ఆయన చెప్పలేదు.

ఈ చిన్న పరీక్ష పెద్ద సిద్ధాంతాన్ని నిరూపించదు. కాని నాకు రెండు విషయాలు తేటపడ్డవి. భేదాలు నిజంగా వున్నవి. కాని ఆ భేదాలు ధరతోపాటు మెట్లుమెట్లుగా పెరగవు. అడుగుమెట్టునుంచి రెండో మెట్టుకు తేడా నాలుకకు తెలుస్తుంది. అక్కడినుంచి పైకి పోయేకొద్దీ ధర వేలల్లో పెరుగుతుంటే రుచి రవ్వల్లో పెరుగుతుంది, ఒక్కొక్కప్పుడు దారి మారుతుంది తప్ప పెరగదు. నా ఇష్టం అడిగితే దాచను. ఆ మధ్యరకమే నాకు చాలు. పొగ వాసన గల మాల్టులు కొన్ని మాత్రం నన్ను ఆకర్షించాయి. ఆ సీసా వర్ణనల్లో చెప్పిన హెదర్ పూలూ, నారింజ మార్మలేడూ నాకు తగల్లేదు, వాటిని నేనెరగను. నాకు తగిలినవి తంపటేసిన తేగల వాసన, ముదురుపాకం బెల్లం, అటకమీది పాత కొయ్యపెట్టె మూత తీసినప్పటి గాలి. పరాయివాడి వర్ణన అప్పుతెచ్చుకొని తాగితే నాలుక పరాయిదవుతుంది. తన మాటల్లో చెప్పుకోగలిగినప్పుడే రుచి తనదవుతుంది.

6

ఖరీదుకు సమర్థనగా చెప్పే ముఖ్యకారణం కాలం. స్కాచ్ విస్కీ కనీసం మూడేళ్ళు ఓకు పీపాలో నిలవ వుండాలి. పన్నెండేళ్ళు, పద్ధెనిమిదేళ్ళు అని లేబుల్ మీద వేస్తే, అందులో కలిసినవాటిలో అన్నిటికంటె చిన్నదాని వయసు అది. స్కాట్‌లండులో ఏటా సుమారు రెండు శాతం పీపాలోనుంచి ఆవిరైపోతుంది. దానిని 'దేవతల వాటా' అంటారు. బెంగుళూరు ఎండలో ఆ వాటా ఏటికి పది శాతానికి అటూఇటూ వుంటుంది. మన దేవతలకు దాహం ఎక్కువ కాబోలు! కాని ఆ వేడిలోనే విస్కీ త్వరగా పక్వమవుతుంది. బెంగుళూరు అమృత్ సంస్థ తన సింగిల్ మాల్టును 2004లో ఏకంగా గ్లాస్గోలోనే ప్రవేశపెట్టి మెప్పుపొందింది. వయసు అంకె ఎంత పెద్దదైతే రుచి అంత గొప్పదన్న నమ్మకం, చలిదేశపు గిడ్డంగి లెక్కను లోకమంతటికీ సూత్రం చేయటమే.

శ్రమకాలం వేరు, ఉత్పత్తికాలం వేరు అని మార్క్స్ 'పెట్టుబడి' రెండో సంపుటంలో విడదీసి చూపాడు. అక్కడ ఆయన ఇచ్చిన ఉదాహరణల్లో ద్రాక్షసారా ఒకటి. పిండిన రసం కొంతకాలం పులిసి, మరికొంతకాలం కదలకుండా వుంటేనే పక్వమవుతుంది. ఆ విశ్రాంతికాలంలో వస్తువు మారుతుంది గాని కొత్త శ్రమ చేరదు. పద్ధెనిమిదేళ్ళు పీపాను గిడ్డంగిలో వుంచగలిగేవాడు అంతకాలం డబ్బును కదలకుండా వుంచగలిగినవాడు. ఖరీదు సీసా ధరలో మంచి పీపాకూ నేర్పుకూ చెందిన భాగం కొంత వుంటుంది. ఆగగలిగిన పెట్టుబడి కోరే ప్రతిఫలం కొంత వుంటుంది. ఆపైన, కొద్దిమందికే దొరుకుతుందన్న హోదాకు కట్టే కప్పం వుంటుంది. మొదటి భాగం నాలుకకు తెలుస్తుంది. మిగిలిన రెండూ బిల్లుకు తెలుస్తవి. విమర్శకుడు ఈ మూడింటినీ విడదీయాలి.

7

ఈ సమస్యను కళారూపంలో పట్టుకున్న మంచి ప్రయత్నం ఒకటున్నది. కెన్ లోచ్ దర్శకత్వంలో, పాల్ లావర్టీ రచనతో 2012లో వచ్చిన 'ది ఏంజెల్స్ షేర్' అనే చిత్రం. కిల్మార్నాక్ కర్మాగారం మూతపడిన సంవత్సరమే అది కాన్ చిత్రోత్సవంలో జ్యూరీ బహుమతి పొందింది. రాబీ అనే గ్లాస్గో నిరుద్యోగ యువకుడు కొట్లాట కేసుల్లో ఇరుక్కొని, శిక్షగా సమాజసేవ చేస్తుంటాడు. పని చేయించే హారీ అనే మంచివాడు ఒకనాడు ఈ కుర్రవాళ్ళను బట్టీ చూపించటానికి తీసుకుపోతాడు. విస్కీ కొనటానికి చిల్లిగవ్వలేని రాబీకి, విస్కీ భేదాలను పసిగట్టగల అపూర్వమైన ముక్కు వున్నదని బయటపడుతుంది. 1962లో మూతపడిన మాల్ట్‌మిల్ అనే బట్టీ తాలూకు ఒక పీపా దొరికిందనీ, వేలానికి వస్తున్నదనీ కల్పన. రాబీ బృందం వేలానికి ముందు రాత్రి కొన్ని సీసాలు కాజేసి, ఆ లోటును పక్కపీపాలోని సారాతో పూడుస్తుంది. మర్నాడు పది లక్షల పౌన్లకు పైగా పెట్టి ఆ పీపా కొన్న ధనికుడు, కల్తీ అయినదాన్ని చప్పరించి పరవశించిపోతాడు.

ఆ ఒక్క దృశ్యం పది ప్రసంగాల పెట్టు. రుచి తెలిసినవాడి దగ్గర డబ్బు లేదు. డబ్బున్నవాడి దగ్గర రుచి లేదు. లోచ్ ఇక్కడ రుచిని ఎగతాళి చేయలేదన్నది ముఖ్యం. రాబీ ముక్కు చెప్పేది నిజమని చిత్రం ఆద్యంతం గౌరవిస్తుంది. శ్రామికవర్గపు బిడ్డకు సున్నితమైన ఇంద్రియజ్ఞానం వుండదన్న అహంకారాన్ని అది దెబ్బకొట్టింది.

కాని ముగింపు నన్ను తృప్తిపరచలేదు. రాబీ ఒక సీసాను ఒక సేకర్తకు లక్ష పౌన్లకు అమ్మి, దానితోపాటు ఉద్యోగం సంపాదించి, ప్రియురాలితో, బిడ్డతో ఊరు వదిలిపోతాడు. అతని ముక్కుకు విలువ రావటానికి దొంగతనమూ, ఆపైన ధనికుడి ప్రాపకమూ అవసరమయ్యాయి. మిగిలిన మిత్రులు ఎక్కడివారక్కడే. హాస్యచిత్రం గనుక ఇంతే న్యాయమనవచ్చు. అయినా, ఒక్కడు తప్పించుకోవటాన్ని విముక్తిగా చూపటం లోచ్ వంటి కళాకారుడి నుంచి మనం ఆశించేది కాదు. దేవతల వాటా దేవతలకు పోయింది, పోనీ. జనం వాటా సంగతేమిటి?

8

చివరగా, మొదట కోపగించిన మిత్రులకు జవాబు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో చదువు నేర్చుకున్న స్త్రీలు సారా దుకాణాన్ని మూయించిన కథను మరిచి నేనీ వ్యాసం రాయటం లేదు. ఆ ఉద్యమం ఫలితంగానే 1993 అక్టోబరులో సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. 1997లో ఆ నిషేధాన్ని సడలించారు. సారా మాత్రం తిరిగిరాలేదు. దాని స్థానంలోకి సీలువేసిన సీసాలు వచ్చాయి. కూలిడబ్బులు సీసాకు పోతే ఇంట్లో పొయ్యి వెలగదు. ఆ ఇంటి ఇల్లాలికి అది చవకదా ఖరీదైనదా అన్న మీమాంస లేదు. తాగుడు గొప్పదనాన్ని స్థాపించటం నా పని కాదు.

నేననేది ఇంతే. ఇష్టం వుండాలంటే ముందు ఎంపిక వుండాలి. మన దుకాణాల్లో పేదవాడు పేరు చెప్పి అడగడు. జేబులోని నోటు చూపించి, "దీనికేం వస్తే అదివ్వు" అంటాడు. అతనికి 'వ్యక్తిగత అభిరుచి' అనే మాటే లేదు. ఆ ధరలో అధికభాగం సర్కారు సుంకమన్నది కూడ అతనికి తెలియదు. 2025 జులైలో సంతకాలైన భారత – బ్రిటన్ వాణిజ్య ఒప్పందం స్కాచ్ మీది 150 శాతం దిగుమతి సుంకాన్ని మొదట 75కు, పదేళ్ళలో 40కి తగ్గించటానికి ఒప్పుకున్నది. మేలు జరిగేది మధ్యతరగతి మెట్టుకు. అడుగుమెట్టు మనిషికి ఆఫీసరూ సామ్రాజ్యమూ యథాతథం.

ఇందులో మనకొక ఆత్మపరీక్ష కూడ వున్నది. లేబుల్ చూచి రుచి చెప్పటాన్ని ధనికుల జాడ్యమని నవ్వుకుంటాం. మన వాళ్ళ కావ్యమని ముందే తెలిస్తే మొదటి పేజీ తెరవకముందే 'లోతు' కనిపెట్టటం, పేరు తెలియని కుర్రవాడి కథను చివరిదాకా చదవకుండా పక్కన పెట్టటం మన సమీక్షల్లో లేవా? గ్లాసు అడుగున అంకె తిప్పిన తరువాత మాట మార్చిన మిత్రుడికీ మనకూ భేదమెంత? వస్తువు ఎక్కడినుంచి వచ్చిందో, ఎవరి శ్రమతో వచ్చిందో తెలుసుకోవటం అవసరమే. కాని అది రుచిచూడటానికి బదులు కాదు. ముందు అంకె కనబడకుండా రుచి చూడాలి. తరువాత అంకె తిప్పి, ఆ వెనకవున్న బట్టీనీ, పీపానూ, వెళ్ళగొట్టబడ్డ కుటుంబాలనూ చూడాలి. ఈ రెండు పనుల్లో ఏ ఒక్కదాన్ని వదిలినా విమర్శ సగమే.

పీపా అడుగున తాళంచెవి వున్నది. దాని రుచి పసిగట్టే నాలుకా కావాలి, పీపాను ఖాళీచేసి అందరికీ చూపించే చేతులూ కావాలి.